రెండో క్లారినెట్

స్వింగ్ అనే జాజ్ శైలికి చక్రవర్తిగా పేరుపొందిన అమెరికన్ క్లారినెట్ కళాకారుడు బెన్నీ గుడ్‌మన్ తన చిన్న బృందంలో మరో క్లారినెట్ కళాకారుణ్ణి తనతో సమానంగా నిలబెట్టుకోవడం దాదాపు ఎరుగని సంగతి. 1948 మే నెలలో, ఫిలడెల్ఫియాలోని క్లిక్ అనే క్లబ్బులో, ఆ చోటు దక్కినవాడు స్వీడన్ నుంచి వచ్చిన పాతికేళ్ల ఓకె హాసెల్‌గోర్డ్. జాజ్ గురించి రాసేవారు ఆయనను ‘గుడ్‌మన్ మెచ్చిన కుర్రాడు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1922లో సుండ్స్‌వాల్‌లో పుట్టి, బోల్నెస్‌లో పెరిగి, ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదివిన హాసెల్‌గోర్డ్, 1947లో కళాచరిత్ర చదువుకోవడానికని న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. చదువు పేరున విమానమో ఓడో ఎక్కి, తీరా వచ్చాక మనసు లాగిన దారినే పోయినవారు మనలోనూ లేకపోలేదు. అమెరికాలో ఆయన ‘స్టాన్’ అయిపోయాడు. నోరు తిరగని పేర్లు ఇక్కడ ఏమవుతాయో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏడాది డిసెంబరులో కాపిటల్ సంస్థకు ఆయన చేసిన రికార్డింగుల్లో, రెడ్ నార్వో వైబ్రఫోన్, బార్నీ కెసెల్ గిటార్ నడుమ క్లారినెట్ ఎంత తేలిగ్గా నడుస్తుందో వినాలి. అంతలోనే, 1948 జనవరి 1 నుంచి, సంగీతకారుల యూనియన్ రికార్డింగులను నిలిపివేసింది. అందువల్ల క్లిక్‌లోని ఆ బృందం మనకు ప్రధానంగా రేడియో ప్రసారాలను భద్రపరచినవారి పుణ్యాన మిగిలింది.

పెళ్లి బ్యాండులో క్లారినెట్ విన్న చెవులకు కూడా, ఆ గరుకు ప్రసారాల్లో ఇద్దరి తేడా ఇట్టే తెలుస్తుంది. గుడ్‌మన్ పలుకు గుండ్రంగా, తీర్చిదిద్దినట్టుగా ముగుస్తుంది. హాసెల్‌గోర్డ్ మాత్రం తాళాన్ని దాటి సాగిపోయి, ఎదురుచూడని స్వరం మీద చటుక్కున ఆగుతాడు. గుడ్‌మన్‌ను అనుకరిస్తూ ఎదిగినవాడే ఇక్కడ బీబాప్ అనే అప్పటి కొత్త జాజ్ శైలి మాటలు పలుకుతున్నాడు. పక్కన వార్డెల్ గ్రే శాక్సఫోన్, టెడ్డీ విల్సన్ పియానో ఉన్నా, నా చెవి ఆ రెండో క్లారినెట్ వెంటే పోతుంది.

ఆ బృందం ఎంతోకాలం నిలవలేదు. శరదృతువులో హాసెల్‌గోర్డ్ మాక్స్ రోచ్ డ్రమ్స్‌తో సొంత బృందాన్ని నడిపాడు. కాలిఫోర్నియాకు కారులో వెళుతుండగా, నవంబరు 23న, ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్ సమీపంలో జరిగిన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 26. మరో మూడు వారాలకు, డిసెంబరు 14న, రికార్డింగులపై నిషేధం తొలగిపోయింది.