జెండా దించండి, పొయ్యి ఆర్పమనకండి

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్‌ను 2022 సెప్టెంబరు 19, సోమవారం రాత్రి విండ్సర్‌లోని సెయింట్ జార్జి చాపెల్‌లో భర్త పక్కనే ఖననం చేశారు. ఆ నెల 8న స్కాట్లాండ్‌లోని బాల్మోరల్‌లో 96 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసినప్పటి నుంచి ఆ దేశం సంతాపంలోనే గడిపింది. 1952 నుంచి 70 ఏళ్లు సింహాసనంపై ఉన్న మనిషి. ఆమె లేని నాణెం, ఆమె లేని తపాలా బిళ్ల ఎలా ఉంటాయో తెలియని తరాలు అక్కడ రెండు మూడు ఉన్నాయి. వాళ్ల బాధను తక్కువ చేయనక్కర్లేదు.

అక్కడ అది ఆకురాలు కాలం మొదలయ్యే వేళ. పొలాల గట్ల మీది పొదల్లో బ్లాక్‌బెర్రీలు పండుతాయి. కోసుకుతినే పిల్లల వేళ్లకు ఊదారంగు అంటుకుంటుంది. హార్స్ చెస్ట్‌నట్ చెట్ల కింద రాలిన గింజలకు చిల్లు పెట్టి, తాడు కట్టి, ఎవరి గింజ ముందు పగులుతుందోనని పోటీ పడతారు. 2022 వేసవి మాత్రం కాస్త తేడాగా గడిచింది. జులై 19న కానింగ్స్‌బీలో ఉష్ణోగ్రత 40.3 డిగ్రీలకు చేరింది, ఆ దేశంలో మునుపెన్నడూ లేనంతగా. ఆ ఎండకు, వానలు లేకపోవడానికి చాలాచోట్ల చెట్లు ఆగస్టులోనే ఆకు రాల్చాయి. రాణి పోయేనాటికే నేల మీద ఎండుటాకులున్నాయి. అలాంటి సాయంత్రం పిల్లల్ని తీసుకుని పళ్లు కోసుకోవడానికి వెళ్లడం తప్పా? దేశం ఏడుస్తుంటే బంతి ఆడొచ్చా? ఆ పది రోజులూ బ్రిటన్ తనను తాను అడుక్కున్న ప్రశ్న దాదాపు ఇదే.

జవాబులు మాత్రం తలో రకంగా వచ్చాయి. కార్యక్రమాలు రద్దు చేయాలన్న నిబంధన ఏదీ లేదని, ఎవరి నిర్ణయం వారిదేనని ప్రభుత్వం ముందే చెప్పింది. అయినా ఫుట్‌బాల్ సంఘాలు ఆ వారాంతం పెద్ద లీగుల నుంచి పేటలో పిల్లలు ఆడే మ్యాచ్‌ల దాకా అన్నీ ఆపేశాయి. ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే యంత్రాల బీప్ శబ్దాన్ని తగ్గించారని వార్త వచ్చింది. నవ్వుకుని వదిలేయొచ్చు. నవ్వలేనివీ ఉన్నాయి. అంత్యక్రియల రోజు సెలవు ప్రకటించడంతో, నెలల తరబడి ఎదురుచూసిన ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు కొందరికి వాయిదా పడ్డాయి. మోకాలి నొప్పితో నడవలేని ముసలమ్మను మరికొన్నాళ్లు ఆగమంటే రాణికి దక్కే గౌరవమేమిటో మాకు అర్థం కాలేదు.

క్రికెట్ వాళ్లకు ఆ తెలివి ఉంది. లండన్ ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికాతో టెస్టు. మొదటి రోజు వాన మింగేసింది, రెండో రోజు ఆట రద్దు చేశారు. శనివారం ఆటగాళ్లు చేతికి నల్ల పట్టీలతో వచ్చి నిలబడ్డారు. మైదానమంతా మౌనం పాటించింది. కొత్త రాజు పేరుతో జాతీయ గీతం పాడారు. ఆ తర్వాత బంతి వేశారు. ఒక్క రోజే 17 వికెట్లు పడ్డాయి, జనం చప్పట్లు కొట్టారు. పక్క పార్కులో పదేళ్ల పిల్లల ఫుట్‌బాల్‌కు మాత్రం తాళం. ఇందులో రాణిని ఎక్కువ గౌరవించింది ఎవరంటారు?

లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ఉంచిన రాణి శవపేటికను చూడటానికి సుమారు రెండున్నర లక్షల మంది వచ్చారు. ఒక దశలో క్యూలో 24 గంటలు పడుతుందని అధికారులే చెప్పారు. ఆ క్యూలో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ కూడా 12 గంటలకు పైగా నిలబడ్డాడు. చిప్స్, నిమ్మ బిళ్లలు, శాండ్‌విచ్‌లు పంచుకుని తిన్నామని విలేకరులకు చెప్పాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లు థేమ్స్ ఒడ్డున చలిలో థర్మాస్ ఫ్లాస్కులు ఒకరికొకరు అందించుకుంటూ, నవ్వుకుంటూ నడిచి, హాల్లోకి రాగానే కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వుకూ ఆ కన్నీళ్లకూ తగవేమీ రాలేదు. ఆ పది రోజుల్లో మాకు బాగా గుర్తుండిపోయేది మాత్రం తేనెటీగల సంగతి. రాజభవనం తేనెపట్లు చూసే పెద్దాయన ఒక్కో పెట్టెకూ నల్ల రిబ్బను కట్టి, దాని మీద మెల్లగా తట్టి, మీ యజమానురాలు పోయారని, కొత్త యజమాని మిమ్మల్ని బాగా చూసుకుంటారని చెప్పి వచ్చాడు. అది వాళ్ల పాత ఆచారం. కబురు చెప్పాడే గాని ఈగల్ని పని ఆపమనలేదు.

అతికి పోతే ఏమవుతుందో జపాన్ చూసింది. 1988లో సరిగ్గా ఇదే సెప్టెంబరు 19న చక్రవర్తి హిరోహిటో ఆరోగ్యం విషమించింది. 1989 జనవరి 7న ఆయన మరణించే దాకా దేశం ఊపిరి బిగబట్టుకుంది. శరత్కాలపు ఊరి జాతరలు వరసగా రద్దయ్యాయి. పెళ్లి విందులు చప్పబడ్డాయి. ఒక కారు ప్రకటనలో గాయకుడు 'అందరూ కులాసాయేనా' అని అడిగే మాటను తీసేసి, పెదవుల కదలికను మాత్రం ఉంచారు! ఎవరూ నిషేధించలేదు. పక్కవాడు ఏమనుకుంటాడో అన్న టెన్షన్ చాలింది. జాతర్లలో మిఠాయిలు, బొమ్మలు అమ్ముకునే వాళ్లకు ఆ సీజన్ మొత్తం పోయింది.

మన దేశం ఆ సెప్టెంబరు 11న ఒక రోజు సంతాపం పాటించింది. జెండా సగానికి దించడం, అధికారిక వినోదాలు ఆపడం, అంతవరకే. మనల్ని ఏలిన కిరీటానికి మన జెండా ఎందుకు వంగాలని అడిగినవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే, మరో రోజు మాట్లాడుకుందాం. ఆ ఆదివారం తెల్లవారుజామునే కృష్ణంరాజు కన్నుమూశారు. తెలుగిళ్లలో ఆ రోజు నిజంగా ఎవరి గురించి మాట్లాడుకున్నారో చెప్పనక్కర్లేదు. జెండా ఒకరి కోసం దిగింది, మనసు మరొకరి కోసం బరువెక్కింది.

అదే రోజు మహాలయ పక్షాలు మొదలయ్యాయి. పోయినవాళ్లను తలచుకోవడానికి మనవాళ్లు ఏకంగా పదిహేను రోజులు పెట్టుకున్నారు, అందులో చేసే మొదటి పని వంట. తండ్రి తిథి నాడు మినప్పప్పు రుబ్బి గారెలు వేస్తారు, పరమాన్నం వండుతారు. కాకి ముట్టే దాకా ఆగి, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని కడుపునిండా తింటారు. కొన్ని ఇళ్లలో ఆయనకిష్టమని మాంసం వండుతారు, పక్కన కల్లు సీసా, బీడీ కట్ట కూడా పెడతారు. 'గారెలంటే పడిచచ్చేవాడు' అని ఎవరో అంటారు, అందరూ నవ్వుతారు, అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంది. తెలంగాణలో ఆ పక్షాల చివరి రోజు, అమావాస్య, పెత్రమాస. పొద్దున పెద్దల పేరిట బియ్యం ఇస్తారు. సాయంత్రం తంగేడు, గునుగు, బంతి పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పొద్దున తలచుకున్న మనిషి మీద ప్రేమ సాయంత్రానికి తగ్గిందని ఎవరూ అనరు.

ఇంత తెలిసిన మనం, నాయకుడు పోతే మాత్రం వేరేగా ప్రవర్తిస్తాం. కార్యకర్తలు బజార్లోకి వచ్చి షట్టర్లు దించిస్తారు. బస్సులు ఆగుతాయి. మిర్చి బజ్జీలమ్మేవాడు బండి తీయకపోతే ఆ రాత్రి అతని పొయ్యిలో పిల్లి లేవదు, అయినా అతని నోటి నుంచి ఒక్క మాట రాదు, వచ్చిందా అద్దాలు పగులుతాయి. పోయిన నాయకుడి మీద అతనికి అభిమానం లేదని కాదు. ఆ అభిమానాన్ని అతను బండి మీద ఫొటో పెట్టి, దండ వేసి చూపించుకోగలడు. చాలామంది అలాగే చేస్తారు కూడా.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇకపై సంతాప దినాల ఉత్తర్వు ఇచ్చేటప్పుడు అందులో మరో రెండు వాక్యాలు చేర్చాలి. ఆసుపత్రుల్లో ఓపీ, రేషన్ దుకాణాలు, బస్సులు యథావిధిగా నడుస్తాయని ఒకటి. దుకాణం తెరవడమా, మూయడమా అన్నది యజమాని ఇష్టమని, బలవంతంగా మూయించేవారిపై కేసు పెడతామని రెండోది. ఉత్తర్వు మీద ప్రధాన కార్యదర్శి సంతకం ఉండాలి, దాని నకలు ఆ సాయంత్రానికే ప్రతి పోలీస్ స్టేషన్‌కూ చేరాలి.