మెగాపిక్సెల్స్ గోల

కెమెరా కొందామనుకున్న ప్రతిసారీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఎన్ని మెగాపిక్సెల్స్ (ఫొటోలో ఎన్ని పది లక్షల చుక్కలు)? ఒళ్లు మండిపోతుంది. 24 నుంచి 48కి వెళ్తే ఫొటోలో వివరం రెట్టింపవుతుందని నమ్మిస్తారు. కాదు! ఆ చుక్కలు ఫొటో అంతటా పరుచుకుంటాయి కాబట్టి పొడవులోనూ వెడల్పులోనూ పెరిగేది దాదాపు 1.4 రెట్లే. ఆ డబ్బేదో మంచి లెన్స్ మీద పెట్టమని ఎవరూ చెప్పరు. కెమెరా బాడీలు (లెన్స్ కాక మిగిలిన భాగం) పాతబడిపోతాయి, లెన్స్ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఒకప్పుడు 35 మి.మీ. ఫిల్మ్ రోల్‌కి మామూలుగా 36 ఫొటోలే. బటన్ నొక్కేముందు వెలుతురు చూసుకునేవాళ్లం, ఆగేవాళ్లం. ఇప్పుడు కొన్ని డిజిటల్ కెమెరాలు సెకనుకు 20 తీసేస్తాయి. పక్షుల్ని తీసేవాళ్లకు అది వరమే, ఒప్పుకుంటాను. కానీ మా పాప వేసిన మొదటి అడుగు మెమరీ కార్డులో రెండు వేల ఫొటోల మధ్య ఎక్కడో ఇరుక్కుపోయింది. మూడు రాత్రులుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.