నల్లి పూర్తిగా పోవాలనుకుంటే మళ్లీ నల్లే మిగులుతుంది

స్ట్రాబెర్రీ ఆకు అడుగున రసం పీల్చే సాలె నల్లి కనబడితే చాలు, మందు పంపు భుజానికెక్కుతుంది. నల్లికి కావలసిందీ అదే. 90కి పైగా రసాయనాలను తట్టుకునే శక్తి సంపాదించిన జీవి ఈ రెండు చుక్కల నల్లి. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు కొడితే ముందు చచ్చేది దాన్ని తినే నల్లే. పైగా ఆ మందు వారాల తరబడి ఆకునంటుకుని ఉండి, తర్వాత తెచ్చి వదిలిన తినే నల్లులనూ చంపుతుంది.

ఆ తినే నల్లి పేరు ఫైటోసీయులస్ పెర్సిమిలిస్. 1958లో చిలీ నుంచి జర్మనీకి ఆర్కిడ్ మొక్కలతో పాటు చేరింది. నారింజ రంగు, చురుకైన నడక. ఆడది రోజుకు ఐదు పెద్ద నల్లులనో, 20 గుడ్లనో లాగించేస్తుంది. తేమ 60 శాతం దిగితే మాత్రం దీని గుడ్లు ఎండిపోతాయి. పొడి వాతావరణానికి కాలిఫోర్నికస్ అనే మరో తినే నల్లి నయం. పని నెమ్మదే, కానీ నల్లి దొరకనప్పుడు పుప్పొడి తిని బతుకుతుంది.

'తినే నల్లిని వదిలి చూశాం, పనిచేయలేదు' అని రైతులనే మాట అబద్ధం కాదు. ఆకుల నిండా సాలె నల్లి గూళ్లు అల్లుకున్నాక వదిలితే అదుపు కష్టం. ఇరవై ఆకుల్లో ఒకదానిపై నల్లి కనబడినప్పుడే వదలాలి. తినే నల్లులను పొట్టులో కలిపి పంపే సీసా రాగానే చిటికెడు తెల్లకాగితం మీద పోసి, కదులుతున్నాయో లేదో చూడాలి. వెంటనే వదలలేకపోతే సీసాను 8–10 డిగ్రీల చల్లదనంలో అడ్డంగా పడుకోబెట్టాలి. ఇంటి ఫ్రిజ్ మరీ చల్లన. పోసేటప్పుడు సీసాను మెల్లగా తిప్పుతూ ఉండాలి. లేదంటే మొదటి వరుసకు నల్లులన్నీ, చివరి వరుసకు ఉత్త పొట్టు. తామర పురుగులదీ ఇదే కథ: కుకుమెరిస్ నల్లి లేత పిల్లలనే తింటుంది, రెక్కలొచ్చినవాటికి ఓరియస్ కావాలి, అది నల్లి కాదు, పురుగు. తేడా తెలియక ఒకటి తెచ్చి రెండో పని చేయమంటాం.

అసలు జబ్బు 'ఒక్క పురుగూ ఉండకూడదు' అన్న పట్టుదల. పెర్సిమిలిస్‌కు సాలె నల్లి తప్ప వేరే తిండి లేదు. తోటంతా శుభ్రమైతే అది పస్తులతో పోతుంది, నల్లి మళ్లీ వచ్చే రోజుకు కాపలా ఉండదు. మందు అమ్మేవాడే సలహా చెప్పే చోట ఈ లెక్క ఎవరు చెబుతారు? ఆకుకు ఎన్ని నల్లులున్నాయని అడిగితే అతనికి ఆ రోజు బేరం పోయినట్టే.

వదిలిన వారానికి నల్లి ఇంకా కనబడుతోందని మళ్లీ పంపు ఎత్తుకున్నవాళ్లు ఆ ఆకునే పదిరెట్ల భూతద్దంతో చూడాల్సింది. సాలె నల్లి గుండ్రటి గుడ్ల మధ్య, వాటికి దాదాపు రెట్టింపు సైజులో పెర్సిమిలిస్ కోల గుడ్లు ఉండేవి.