నాగావళి ఇసుకలో బంగారం అంట, ఆరువేల మెషిన్‌తో పట్టేయొచ్చంట

సిక్కోలు, విజయనగరం గ్రూపుల్లో ఇప్పుడు ఒకటే ఫార్వర్డు. నాగావళి, వంశధార ఇసుకలో బంగారం కొట్టుకొస్తోందంట, ఆన్‌లైన్‌లో ఆరువేలు పెట్టి మెటల్ డిటెక్టర్ కొంటే పదడుగుల లోతున ఉన్నా చెప్పేస్తదంట, బంగారానికి వేరే సౌండంట, దొరికింది దొరికినోడిదేనంట. కింద ఎవరో విదేశీయుడు చేతిలో ఇంత ముద్ద పట్టుకున్న వీడియో. మా వీధి కుర్రాళ్ళు చందాలేసుకుని కొందామని కూచున్నారు, అందుకే రాస్తన్నాను.

పదడుగుల సంగతి ముందు. ఆ ధర మెషిన్‌కి రూపాయి బిళ్ళ జానెడు లోతులో దొరికితేనే గొప్ప. మెషిన్ కింద ఉండే తీగచుట్ట, అదే కాయిల్, దాని నుంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగాలి, లోపలున్న లోహంలో చిన్న కరెంటు పుట్టాలి, దాని సిగ్నల్ మళ్ళీ పైకి రావాలి, పోయినప్పుడూ తగ్గుద్ది వచ్చినప్పుడూ తగ్గుద్ది, అందుకని చిన్న వస్తువుకి లోతు డబుల్ అయితే సిగ్నల్ సగం అవ్వదు, ఇంచుమించు అరవయ్యో వంతుకి పడిపోద్ది. ముక్కుపుడకంత బంగారం రెండంగుళాలు దాటితే కష్టమే. ఇసుకలో పొడిలా కలిసున్న బంగారానికైతే ఆ మెషిన్ అసలు కుయ్యిమనదు.

వేరే సౌండు అన్నది ఇంకా పెద్ద అబద్ధం. మెషిన్‌కి బంగారం అని తెలీదు, కరెంటు ఎంత బాగా పారుద్ది, వస్తువు సైజేంటి, ఇదే తెలుసు. సన్న ఉంగరం, మాత్రల అట్ట మీది రేకు, కూల్‌డ్రింక్ డబ్బా రింగు, అన్నిటికీ మెషిన్ దగ్గర దగ్గర నంబర్లే చూపిస్తది. రేకులొద్దని సెట్టింగ్ పెట్టావా, ఉంగరం కూడా వాటితోనే పోద్ది. మన ఏట్లో దొరికేవి ఏటంటే దండం పెట్టుకుని జనం విసిరిన చిల్లర, మేకులు, బీరు మూతలు.

కళింగపట్నం వైపు తీరంలో మెషిన్ ఆగకుండా అరిచిందని ఇంకో మెసేజ్. అరుస్తది మరి, అక్కడ నల్లిసుక ఉంది కదా, ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి ఇనుము కలిసిన ఖనిజాలు. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ ఇసుకలో దొర్లించి చూడండి, నల్ల రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుంటాయి. చవక మెషిన్ దానికే కంగారు పడిపోద్ది. ఇసుకలో తళుకుమనేదంటారా, చాలావరకు కాకిబంగారమే, అభ్రకం రేకులు.

అసలు కొట్టుకురావడానికి ఏటికి పైన బంగారమున్న రాళ్ళు ఉండాలిగా? ఈ రెండు నదులూ ఒడిశా కలహండి కొండల్లో పుట్టినవి, ఆ కొండలకి బాక్సైటుతో పేరు. మన గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు, టెక్కలి వైపు గ్రానైటు. బంగారం పేరు చెప్తే కర్ణాటకలో కోలార్, హట్టి, మన రాష్ట్రంలో జొన్నగిరి, రామగిరి, అది వేరే రాతి పట్టీ. అక్కడ కూడా టన్ను రాయిలో కొన్ని గ్రాములే, రాయిని పిండి చేసే తీయాలి, డిటెక్టర్‌తో కాదు.

వీడియో మాత్రం నిజమే అయ్యుండొచ్చు, ఆస్ట్రేలియాలో అలాంటివి జరిగాయి. 1980లో విక్టోరియాలో డిటెక్టర్‌తోనే 27 కిలోల ముద్ద దొరికింది. ఆ నేలల్లో ముద్దలు పైపైనే ఉంటాయి, వెతకడానికి సర్కారు దగ్గర పర్మిట్ కూడా తీసుకోవాలి. దానికీ నాగావళికీ ఏటి సంబంధం?

ఇక దొరికినోడిదే అన్న మాట, ఇదే కుర్రాళ్ళని ముంచేది. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. భూమిలో దాగిన విలువైనది ఏదైనా పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, దాచేస్తే ఏడాది దాకా జైలు. ఖనిజంగా బంగారం వెతకాలన్నా 1957 గనుల చట్టం కింద లైసెన్స్ ఉండాలి. అన్నిటికన్నా డేంజర్ ఏటంటే, మొన్న ఒకడు గ్రూపులో సాలిహుండం కొండ మీద ట్రై చేద్దాం, పాత నాణేలు ఉంటాయి అని పెట్టాడు. బాబూ, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న బౌద్ధ క్షేత్రం, అక్కడ గునపం దించితే బంగారం సంగతి అటుంచు, ముందు బెయిల్‌కి డబ్బులు చూసుకోవాలి.