అయిదుసార్లు గెలిచాం, అంతే సంగతులు

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును వరసగా అయిదేళ్లు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా. ఈ సంగతి మీకు తెలియదంటే మీరు ఎప్పుడూ ఫుట్‌బాల్ టోర్నమెంటు ప్రారంభోత్సవానికి వెళ్లలేదన్నమాట. జ్యోతి వెలిగించాక, శాలువాలు కప్పే ముందు ఎవరో ఒకరు చెప్పి తీరతారు. పూజకి సంకల్పం ఎలాగో, మన దగ్గర బంతి కదలడానికి ఈ ముక్క అలాగ. రాష్ట్రం రెండయినప్పుడు భవనాలు పంచుకున్నారు, బస్సులు పంచుకున్నారు, ఉద్యోగుల్ని పంచుకున్నారు. ఈ అయిదు కప్పుల్ని మాత్రం ఎవరికి వారు అయిదూ పట్టుకెళ్లారు.

మొన్న ఆదివారం నేను కూడా ఒక చిన్న కప్పు పోటీలకి వెళ్లాను. ఎక్కడో చెప్పను. చెబితే వచ్చే ఏడాది నన్ను వేదికెక్కించి శాలువా కప్పుతారని భయం. ముఖ్య అతిథి మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, "ఒకప్పుడు మన కుర్రాళ్లు రేంజ్ రోవర్స్ కప్పును వరసగా అయిదుసార్లు..." అన్నారు.

రేంజ్ రోవర్స్. ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న కార్యదర్శిగారయితే అవునవునని తలూపారు. అతిథిగారిని తప్పు పట్టడానికి లేదు, ఆయన దిగివచ్చిన బండి అలాంటిది. అంతటితో ఆగినా బాగుండేది. "ఆ కప్పును మళ్లీ మన గడ్డ మీదికి తెచ్చేదాకా నిద్రపోను" అని ప్రతిజ్ఞ కూడా చేశారు. చప్పట్లు మోగాయి.

ఇక్కడ చిన్న ఇబ్బంది ఉంది. రోవర్స్ కప్పు 2000–01 తర్వాత జరగలేదు. ఆ టోర్నమెంటు పోయి పాతికేళ్లవుతోంది. కనుక అతిథిగారు ఇక ఈ జన్మకి నిద్రపోరు. ఒక రకంగా తెలివైన వాగ్దానమే. లేని కప్పు కోసం ఆడితే ఓడిపోతామన్న టెన్షన్ ఉండదు.

ఆ పోయినదాని గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి, కనీసం దినకర్మ చేసినట్టుంటుంది. 1891లో బొంబాయిలో మొదలైంది. మొదటి కప్పు వూస్టర్‌షైర్ రెజిమెంటుది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి గెలిచినవన్నీ తెల్ల సిపాయిల జట్లే. మన వాళ్లు ఆడేవాళ్లు, ఓడేవాళ్లు, ఇళ్లకి పోయేవాళ్లు. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు ఆ గోడ బద్దలు కొట్టింది. 1940లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచింది. ఆపైన 1950లో నిజాం రాజ్యం పోయి ఎన్నాళ్లో కాని ఊరి నుంచి కొందరు పోలీసులు రైలెక్కి వెళ్లి కప్పు పట్టుకొచ్చారు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లారు. అలా అయిదేళ్లు. 1955లో కలకత్తా మోహన్ బగాన్ గెలిస్తే గాని ఆ వరస తెగలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1957లో మళ్లీ మన పోలీసులే గెలిచారు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1960లో గెలిచారు. 1962లో కలకత్తా జట్టు ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నారు. 1963లో ఇంకోటి. మొత్తం తొమ్మిది. మన వక్తలేమో ఏళ్ల తరబడి అయిదే చెబుతున్నారు. మిగతా నాలుగూ బహుశా కమిషన్ కింద పోయుంటాయి. ఢిల్లీ డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు గెలిచిన సంగతి అయితే ఏ మైకూ ఎత్తదు.

సరే, ఉపన్యాసం అయ్యాక కిక్కాఫ్. దీన్ని కొంచెం నింపాదిగా చెప్పనివ్వండి.

అతిథిగారిది తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తోలు చెప్పులు. బంతిని మధ్య గీత మీద పెట్టారు. అక్కడ వెలుతురు బాగాలేదన్నాడు ఫొటోగ్రాఫరు. బంతి పెనాల్టీ స్పాట్‌కి వెళ్లింది. గోలు ముందు నిలబడిన కుర్రాడికి పదిహేనేళ్లుంటాయి. కార్యదర్శిగారు వాడి చెవి దగ్గరికి వంగి రహస్యంగా ఏదో చెప్పారు. చేతిలో మైకు ఆపడం మరిచిపోవడం వల్ల ఆ రహస్యం వీధి చివరిదాకా వినబడింది. "బాబూ, సార్ కొడితే ఆపకు."

మొదటి కిక్కుకి చెప్పు వెళ్లి నెట్‌లో పడింది, బంతి ఉన్నచోటే ఉంది. కుర్రాడు ఆ చెప్పును రెండు చేతులా పట్టుకుని, భరతుడు పాదుకలు మోసినట్టు మోసుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. రెండో కిక్కుకి బంతి నాలుగడుగులు దొర్లి ఆలోచనలో పడింది. "ఇంకోటి సార్, కాలు ఇంకొంచెం పైకి" అన్నాడు ఫొటోగ్రాఫరు. మూడోదానికి శాలువా అడ్డమొచ్చింది. నాలుగోదానికి కాలు బాగా లేచింది గాని ఫొటోగ్రాఫరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. అయిదో కిక్కు మన చరిత్రకి గౌరవంగా సరిగ్గా గోలు వైపే వెళ్లింది. కుర్రాడు చెప్పినమాట వినే పిల్లాడు, బంతి ఎటు వస్తోందో చూసుకుని ప్రాణం పెట్టి దానికి అవతలిపక్కకి దూకాడు. బంతి గీతకి జానెడు ముందు ఆగిపోయింది. మైదానమంతా నిశ్శబ్దం. కింద పడ్డవాడు పడ్డట్టే ఒక పక్కకి దొర్లి, మడమతో దాన్ని మెల్లగా లోపలికి తోశాడు. గోల్! బ్యాండు మోగింది. అతిథిగారికి దండ పడింది. ఆ రోజు నేను చూసిన అందమైన గోలు అదే. వేసిన గోల్‌కీపరుకి మాత్రం ఎవరూ చేయి కలపలేదు.

ఈ తతంగం అయ్యేసరికి రెండు జట్ల పిల్లలూ గంటన్నర నుంచి ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. ఒకడి బూటు ముందు భాగం నోరు తెరుచుకుంది, దాన్ని ప్లాస్టిక్ తాడుతో నాలుగు చుట్లు కట్టుకున్నాడు. వాడు ఆ ముడినే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు, ఆట మొదలయ్యేదాకా ఉంటుందో లేదోనని. అప్పుడు కార్యదర్శిగారు ప్రకటించారు. సాయంత్రం గ్రౌండు వేరే ఫంక్షనుకి ఇచ్చారట, కనుక ఆటలో ఒక్కో సగాన్ని ముప్ఫై అయిదు నిమిషాల నుంచి ఇరవైకి కుదించారు.

ఉపన్యాసం కుదించలేదు. శాలువాలు కుదించలేదు. పిల్లల ఆటని కుదించారు!

ఇక నా వల్ల కాదు, వ్యంగ్యం కాసేపు పక్కన పెడతాను. మీరు మైకులో ఊరేగించే ఆ అయిదు కప్పుల వెనక సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉన్నాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు తెచ్చిన జట్ల కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతి కిందే. ఎడమ కాలు వాటం లేనివాడు ఎడమ కాలితోనే ఆడాలని పిల్లలకి ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. రెండు కాళ్లూ ఉన్న ఆటగాళ్లని అలా తయారుచేశాడు. మీరు ఏ కాలుతో ఏం తయారుచేశారు? 1963లో క్యాన్సర్‌తో పోయాడాయన. మొన్న ఎవరో హిందీలో సినిమా తీసేదాకా ఆయన మొహం ఎలా ఉంటుందో ఈ వేదికల మీద ఒక్కడికీ తెలియదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారు కదా. ఆ సామెతలో కనీసం తాతల పేర్లయినా తెలుసు.

తులసీదాస్ బలరాం సంగతి చూడండి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. అద్దె సైకిలు తొక్కుకుంటూ ప్రాక్టీసుకి వచ్చిన పిల్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు వేశాడు. హంగరీ ఆనాడు ఫుట్‌బాల్‌లో ఎంత పెద్ద జట్టో తెలిసినవాళ్లకి ఆ గోలు విలువ తెలుస్తుంది. బతుకుతెరువుకి కలకత్తా వెళ్లాడు, ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, 2023లో అక్కడే కన్ను మూశాడు. వాళ్లు ఆయన్ని తమవాడన్నారు. మనకి ఉపన్యాసంలో ఒక వాక్యానికి కూడా పనికిరాలేదు.

రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ చివరిసారి గెలిచింది 1965–66లో. 2024 డిసెంబరు 31న దాని ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. బెంగాల్ 1–0తో గెలిచింది. కల్యాణమండపం మనది, పెళ్లి వాళ్లది. ఐఎస్ఎల్ అనే క్లబ్బుల లీగులో 2021–22 కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైందంటారా? 2025లో పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. రేపు దాని మీద కూడా ఉపన్యాసం రాసుకుంటారు. అప్పుడు లెక్క ఆరవుతుంది.

మర్నాడు పొద్దున్నే పేపరు తెరిచాను, మన మ్యాచ్ స్కోరు ఎంతో చూద్దామని. రంగుల్లో పెద్ద ఫొటో ఉంది. కాలు గాల్లో, చెప్పు గాల్లో, దండ మెడలో. కింద నాలుగు వాక్యాలు. అయిదుసార్లు ఉంది, నిద్రపోను ఉంది, కార్యదర్శిగారి కృతజ్ఞతలు ఉన్నాయి. స్కోరు లేదు. నాకు తెలిసిన కోచ్ ఒకాయనకి ఫోన్ చేశాను.

"నిన్న ఎంతతో గెలిచారండీ?"

కాసేపు అవతల నుంచి మాట లేదు. తర్వాత, చాలా వినయంగా:

"సార్, అతిథిగారు వేసింది కలిపి చెప్పమంటారా, తీసేసి చెప్పమంటారా?"