ఊక తడిగా ఉంటే మందులు ఏం చేస్తాయి?
బ్రాయిలర్ల రక్త విరేచనాలకు ఏ మందు ఎంత వాడాలో వ్యాసంలో బాగా రాశారు కానీ షెడ్డులో నేల మీద పరిచే ఊక గురించి ఒక్క మాటతో సరిపెట్టారండీ. ఈ రోగం తెచ్చే పరాన్నజీవి కాక్సీడియా. దాని గుడ్లు రెట్టతో బయటపడ్డాక తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి, కోడి మళ్లీ ఆ ఊకనే పొడుస్తుంది. పోయిన వానాకాలం మా షెడ్డులో కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కారి ఒక మూల తడిసింది. నాలుగో వారంలో అక్కడి కోళ్లే ముందు ముడుచుకుని కూర్చున్నాయి, చచ్చినదాన్ని కోసి చూస్తే గుడ్డిపేగుల నిండా రక్తం, చాలా బాధేసింది. ఇంకోటి, ఈ రోగానికి ఆంప్రోలియం మందు ఇచ్చే రోజుల్లో బలానికని విటమిన్ బి1 ఉన్న టానిక్ కలపకండి, పరాన్నజీవికి బి1 అందకుండా చేయడమే ఆ మందు పని. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మన దేశంలో కోళ్లకు 2019లోనే నిషేధించారు, పాత డబ్బా మిగిలి ఉన్నా దయచేసి వాడొద్దు.