సవరణ: జూరా వైన్ గురించి రాసినదాంట్లో రెండు తప్పులు

ఫ్రాన్స్ తూర్పు అంచున, బర్గండీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్యనున్న జూరా గురించి మొన్న రాశాను కదా. అందులో 'సావన్యాన్ అంటే సోవిన్యోన్ బ్లాన్ అనే తెల్ల ద్రాక్షకే స్థానికంగా ఉన్న పేరు' అన్నాను. తప్పు. పేర్లు చెవికి దగ్గరగా వినిపించి బోల్తా పడ్డాను. సావన్యాన్ వేరే ద్రాక్ష, త్రామినేర్ అనే ద్రాక్ష కుటుంబానిది. సావన్యాన్‌కీ సోవిన్యోన్‌కీ జన్యుపరంగా దగ్గరి చుట్టరికం ఉన్న మాట నిజమే కానీ, చుట్టాలైనంత మాత్రాన ఒకటే మనిషి అయిపోరు.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. 'వాన్ జోన్', అంటే పసుపు వైన్, తియ్యగా ఉంటుందని రాశాను. అసలు తీపే ఉండదు. సావన్యాన్‌తో మాత్రమే చేస్తారు. పీపాలో కొంత ఆవిరైపోయినా మళ్లీ నింపరు. ఆ ఖాళీలో వైన్ మీద ఈస్ట్ పొర కడుతుంది, పాల మీద మీగడలాగా. గాలి నేరుగా తగలకుండా అదే కాపాడుతుంది. కనీసం ఆరేళ్ల మూడు నెలలు ఆగాకే సీసాలోకి. అక్రోటు వాసన అందువల్లే. సీసా కూడా మామూలు 75 సెంటీలీటర్లది కాదు, 62 సెంటీలీటర్ల పొట్టి 'క్లావ్లాన్'.

నేను దీంతో పొరబడిన తీపి వైన్ 'వాన్ ద పాయ్'. పాయ్ అంటే గడ్డి. ద్రాక్షను గడ్డి మీద ఆరబెట్టి చేసేవారు కాబట్టి ఆ పేరు.

ఎర్ర ద్రాక్షలు పూల్సార్, త్రూసో గురించి రాసినదాంట్లో మార్పేమీ లేదు. పాశ్చర్ పెరిగిన ఊరు ఆర్బువా అన్నదీ సరైనదే. పుట్టింది మాత్రం దోల్‌లో.